తొమ్మిది వాట్ల నేరస్థుడు

మిర్యాలగూడలో మా బావగారికి ఒక రైసు మిల్లు ఉంది. గత వేసవిలో ఆ మిల్లుకు జ్ఞానోదయమైంది. అంతకు ముందు దానికి నెలకొక కరెంటు బిల్లు వచ్చేది. ఇప్పుడు నిమిషానికొక సత్యం వస్తోంది. పాలిషర్లకు, ఎలివేటర్లకు, డ్రయ్యర్ ఫ్యాన్లకు, ఊక బాయిలర్ దగ్గరి ఫ్యానుకు, చివరికి నీళ్ల మోటారుకు కూడా తలొక మీటరు తగిలించారు. అవి చెప్పేదంతా బావగారి గదిలో గోడంత తెర మీద పచ్చగా, ఎర్రగా పాకుతూ ఉంటుంది. దాన్ని డాష్‌బోర్డు అంటారు. మొదటి రోజు దానికి కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు వైర్ల మీద పడకుండా కొంచెం దూరంగానే కొట్టారు.

మీటర్ల అంకెలు చూసి కరెంటు ఆదా చేసే ఈ శాస్త్రాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను మాట్లాడను. దేశమే దీన్ని గంభీరంగా తీసుకుంది. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది, మరుసటి ఏడాది దాని కోసం ఒక బ్యూరో వెలిసింది. 2012లో పాట్ అనే పథకం పెట్టి, సిమెంటు వంటి పెద్ద పరిశ్రమలకు టన్ను సరుకుకు ఇంత ఇంధనమే వాడాలని గీత గీశారు. గీత కన్నా కిందికి దిగినవాళ్లకు ఆదా చేసినట్టు పత్రాలు ఇచ్చారు, దిగలేనివాళ్లు వాటిని కొనుక్కోవాల్సి వచ్చింది. పుణ్యం ధారపోయడం మన పురాణాల్లో ఉన్నదే. వెల కట్టి అమ్మడం మాత్రం కొత్త.

రైసు మిల్లుకు ఈ గీత వర్తించదు. అయినా బావగారికి ఆవేశం ఎక్కడిదంటే, 2016 నాటి ఒక వార్త. గూగుల్ తన డేటా కేంద్రాలను చల్లబరచడానికి వాడే కరెంటును కృత్రిమ మేధ సాయంతో 40 శాతం దాకా తగ్గించుకున్నట్టు ప్రకటించింది. "గూగుల్‌కు 40 వచ్చినప్పుడు మనకు కనీసం 4 రాదా, బామ్మర్దీ?" అన్నారు. రావాలి మరి. అక్కడ యంత్రం చెప్పిన మాట విన్నారు. అంత చిన్న వివరం బావగారి కంట పడకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మూడు వారాలు అంకెలు చూసి మొదట ఒక విచిత్రం కనిపెట్టారు. సోమవారం ఉదయం 9 గంటలకు తెర మీది కరెంటు గీత నిట్టనిలువుగా లేస్తోంది. కారణం రాహుకాలం. సోమవారం అది 7.30కు మొదలై 9కి ముగుస్తుంది, ముగియగానే బావగారు మిల్లులో ఉన్న మోటార్లన్నీ ఒకేసారి వేయిస్తారు. మిల్లుకున్న హైటెన్షన్ కనెక్షన్‌కు వాడిన యూనిట్లతో పాటు ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండుకు, అంటే ఒకే సమయంలో లాగిన అత్యధిక కరెంటుకు కూడా డబ్బు కట్టాలి. ఒప్పందంలో రాసుకున్న దానిలో 80 శాతానికి తగ్గకుండా కట్టాలి. అంటే ఒక్క సోమవారం ఉదయపు తొందరకు నెలంతా కప్పం. మోటార్లన్నీ ఒకేసారి నడవకుండా వంతులవారీగా నడపమన్నారు కుర్రాళ్లు. బావగారు ఆ గ్రాఫును ప్రింటు తీయించి, పటం కట్టించి, దేవుడి పటం పక్కన తగిలించారు. రాహుకాలం ఎప్పుడు ముగుస్తుందో కంప్యూటరే ఒప్పుకుంది కదా, ఇక పంచాంగాన్ని ఎవరు కాదంటారు?

బాయిలర్ ఫ్యాను సంగతి క్లుప్తంగా చెబుతాను, తలచుకుంటే నాకే ఆయాసం వస్తుంది. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది, దాని గాలిని తలుపు సగం మూసి ఆపుతారు. ఎద్దులను ములుకర్రతో పొడుస్తూ పగ్గాలు వెనక్కి లాగి పట్టుకున్నట్టు. ఫ్యాను తినే కరెంటు వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక, వేగం అయిదో వంతు తగ్గిస్తే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. వేగం తగ్గించే వీఎఫ్‌డీ కొన్నారు కూడా. అది గోదాములో భద్రంగా ఉంది. పెట్టె గట్టిది కావడంతో దాని మీద ఆరు బస్తాలు నిలుస్తున్నాయి.

అసలు కథ రాత్రిది. మిల్లు ఆగిపోయాక కూడా గీత సున్నాకు దిగడం లేదు. అర్ధరాత్రి ఒంటిగంటకు ఎవరో కరెంటు తాగుతున్నారు! అత్యవసర సమావేశం జరిగింది. సమావేశపు గదిలో ఏసీ 18 మీద ఉంది. స్టార్ గుర్తున్న గది ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలు కావాలని 2020 జనవరి 1 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది, ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని బ్యూరో చెబుతుంది. ఏసీ నిబంధన ప్రకారం 24 దగ్గరే మొదలైంది. తరువాత దాన్ని 18కి దింపిన వేలు మీద ఏ నిబంధనా లేదు.

కుర్రాళ్లు దొంగను పట్టుకున్నారు. బియ్యంలో నల్ల గింజలను గాలితో ఊదేసే సార్టెక్స్ యంత్రానికి 20 హార్స్‌పవర్ కంప్రెసర్ ఉంది. యంత్రం రాత్రి నిద్రపోతుంది, కంప్రెసర్ మాత్రం నిమిషం నడిచి మూడు నిమిషాలు ఆగుతూ, పైపుల సందుల్లోంచి కారిపోయే గాలిని తెల్లవార్లూ నింపుతూ ఉంటుంది. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున లెక్క వేస్తే నెలకు దాదాపు 900 యూనిట్లు. సరిగా చూసుకోని మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా కారిపోవడం మామూలేనట.

సమావేశం దీన్ని శ్రద్ధగా విని, రాత్రి కాపలా ఉండే పెద్దాయన తల మీది బల్బును దోషిగా తేల్చింది. 9 వాట్ల ఎల్‌ఈడీ. రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 3 యూనిట్ల పైచిలుకు. ఆ డబ్బుతో బస్టాండు ఎదుట ప్లేటు ఇడ్లీ కూడా రాదు. కానీ న్యాయంగా ఆలోచించండి. పైపులు మార్చాలంటే మిల్లు ఆపాలి, ఫిట్టరును పిలవాలి, ఖర్చు ఎవరి పద్దు కింద రాయాలో తేల్చాలి. బల్బుకు కావలసింది ఒక స్టూలు.

గాలి కారడం గురించి పెద్దాయనను నేనే అడిగాను. "అదా సార్? ఆ మూల పైపు రాత్రంతా బుసకొడుతుంది. చేరిన కొత్తలో పాము అనుకుని వారం రోజులు కర్ర పట్టుకుని కూర్చున్నాను. తరువాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. మేస్త్రీ చూసి, ఇదేమి చెత్త అని పీకేశాడు" అన్నారు. ఎన్నేళ్లయింది? మూడేళ్లు. మరి ఎవరికీ చెప్పలేదా? చెప్పారట. అయితే ఆయన చెప్పింది డేటా కాదు. ఆయనకు పాస్‌వర్డు లేదు.

వచ్చేటప్పుడు తెర మీద మరోసారి చూశాను. మిల్లులోని ప్రతి మూలకూ ఒక గడి ఉంది, ఒక్క బావగారి గదికి లేదు. ఆ గదిలోని ఏసీ, ఆ గోడంత తెర, దాన్ని నడిపే కంప్యూటర్, అది వేడెక్కకుండా పెట్టిన రెండో ఏసీ, ఇవి ఏ మీటరు కిందికీ రావు. కారణం అడిగితే బావగారు నా అజ్ఞానానికి జాలిపడ్డారు. "అది పొదుపు విభాగం. పొదుపును కూడా కొలుస్తారా?"

పెద్దాయన కుర్చీ ఇప్పుడు బావగారి గది కిటికీ కిందికి మారింది. డాష్‌బోర్డు రాత్రంతా వెలుగుతుంది కనుక ఆ అద్దంలోంచి పడే వెలుగులో పేపరు చదువుకుంటున్నారు. కంప్రెసర్ నడిచే నిమిషం తెర ఎర్రబడుతుందట, అప్పుడు చిన్న అక్షరాలు కనిపించవు. ఆగి పచ్చబడే దాకా కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటారు.