ఖాతాను కాదు, లింకును ఆపండి

తెలుగు వికీపీడియాలో స్పామ్ ఖాతాల గురించి, అంటే ప్రకటనల లింకులు జొప్పించే ఖాతాల గురించి మాటొచ్చిన ప్రతిసారీ "ఫోన్ నంబరో, ఆధారో అడిగితే పీడా పోతుంది కదన్నా" అంటారు. నేను గట్టిగా వద్దంటాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అది.

మా కడప జిల్లా సంగతే చూడండి. గండికోట లాంటి పేజీలంటే ఈ స్పామర్లకు మహా మోజు. పెన్నా లోయ చూడ్డానికి జనం వస్తున్నారు కాబట్టి వాళ్లు చదివే పేజీలో తమ లింకు పడాలి. నిన్న పుట్టిన ఖాతా, దాని పేరే ఏదో ట్రావెల్స్ పేరు. కోట చరిత్ర గురించిన వాక్యం చివర, మూలం చూపించినట్టే చిన్న అంకె. నొక్కితే టెంట్ల బుకింగు! బూతులు రాసి పోయినా ఇంత మండదు నాకు, అవి ఎవరికైనా కనబడతాయి. ఇది చదివేవాళ్ల నమ్మకాన్ని దొంగిలించడం.

పోనీ గూగుల్లో పైకొస్తారా అంటే అదీ లేదు. బయటి లింకులను లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే నోఫాలో గుర్తు ఇంగ్లీషు వికీలో కూడా 2007 నుంచి ఉంది. డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వాడుక నియమాల్లో ఉంది. ఎవరు బయటపెడుతున్నారు?

కొత్త ఖాతాకు అడ్డం పెట్టే కాప్చా ఉంది, వచ్చింది మనిషో యంత్రమో తేల్చే పరీక్ష. చాలా ఏళ్లు అది వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలే. కూలికి మనుషులను పెట్టి దాన్ని దాటించే దుకాణాలున్నాయి. ఆగిపోయేది ఎవరంటే, తెలుగు మాత్రమే వచ్చిన పెద్దాయన. క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం దొరికిన కలమళ్ల మా జిల్లాదే. ఊరి గుడి దగ్గరి రాయి మీద ఏముందో చెప్పగలిగిన మనిషిని ఆధార్ అడిగితే, ఆయన ఫోన్ పక్కన పెట్టేస్తాడు. స్పామర్ మాత్రం ఇంకో సిమ్ము తెచ్చుకుంటాడు.

ఖాతాను నిరోధిస్తే రేపు ఇంకో పేరుతో వస్తారు. అదే ఆ సైటు చిరునామాను స్పామ్ నిషేధ జాబితాలో చేర్చారనుకోండి, ఏ ఖాతాతో వచ్చినా ఆ లింకున్న దిద్దుబాటు సేవ్ కాదు. అన్ని వికీలకూ ఉమ్మడిగా ఉండే మెటా వికీలోని జాబితాలో చేరిస్తే అన్ని భాషల వికీల్లోనూ ఆగుతుంది. కొత్త ఖాతాలు లింకు పెడితే హెచ్చరించేలా వడపోత పెట్టొచ్చు. ఈ రెండూ మన నిర్వాహకులు ఇంకా ధైర్యంగా వాడాలి. తెలుగు వికీ చర్చల పేజీ రచ్చబండలో నేను అడగబోయేది ఇదే.

మిగిలింది మనుషుల పని. ఖాతా ఉన్నవాళ్లు మీ ఊరి పేజీని, పక్క ఊరి పేజీని, మార్పులు జరిగితే చూపించే వీక్షణ జాబితాలో పెట్టుకోండి. ఎవరైనా లింకు చేరిస్తే ఒక్కసారి నొక్కి చూడండి. అమ్మకం కనబడితే మార్పు రద్దు చేసి, ఆ సైటు చిరునామా నిర్వాహకులకు ఇవ్వండి.