పూడికకు పట్టా ఇప్పించండి

మా కాలనీకి దిగువనున్న చెరువులో ముప్పై ఏళ్లకు పైబడి కాపురముంటున్న పూడిక తరఫున సంబంధిత అధికారులకు చేసుకుంటున్న విన్నపం ఇది. పూడికకు నోరు లేదు, ఓటు లేదు, ఆధార్ కార్డు అంతకన్నా లేదు కనుక ఎవరో ఒకరు పూనుకోక తప్పదు. అడుగుతున్నది దయాధర్మం కాదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిని 12 ఏళ్లు, సర్కారు భూమిని 30 ఏళ్లు ఒకడు బహిరంగంగా, ఎడతెగకుండా, అసలు హక్కుదారును లెక్కచేయకుండా అనుభవిస్తే, ఆ తరువాత వాణ్ని ఖాళీ చేయించమని దావా వేసే గడువు దాటిపోతుంది. పూడిక అనుభవం బహిరంగమే. వేసవిలో పిల్లలు దాని మీద వికెట్లు పాతి క్రికెట్ ఆడుకుంటారు. ఎడతెగనిదే, ఏటా జూన్‌లో కొత్త బంధువులు వచ్చి చేరుతున్నారు తప్ప ఉన్నవాళ్లలో ఒక్కరూ వెళ్లిపోయిన దాఖలా లేదు. ఇక అసలు హక్కుదారు సంగతంటారా, నేనెరిగినంతలో ఆ చెరువులో నోటీసు అందుకోని ఆక్రమణదారు పూడిక ఒక్కటే.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడినప్పటి నుంచి హైదరాబాదులో ఎఫ్టీఎల్ అనే మాట తెలియని గడప లేదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎందాకా వస్తుందో చెప్పే గీత అది. 2012లో ఉమ్మడి రాష్ట్రం జారీ చేసిన 168వ నంబరు జీవో ప్రకారం చెరువు 10 హెక్టార్లు, అంతకు మించినదైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదిలి కట్టుకోవాలి. ఈ నియమం ఇటుక గురించి ఆలోచించినంత శ్రద్ధగా మట్టి గురించి ఆలోచించలేదని మా కాలనీలో కొందరు గొణుగుతుంటారు. వారికి సాంకేతిక పరిజ్ఞానం తక్కువ. ఎఫ్టీఎల్‌ను తేల్చేది అలుగు ఎత్తు, అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు ఎత్తు. పూడిక చెరువు అడుగును ఎంత పైకి లేపినా అలుగు ఎత్తు మారదు, గీత కదలదు, పటం తప్పు కాదు. తగ్గేది లోపల పట్టే నీరు మాత్రమే, దానికి ఆ పటంలో రంగు కేటాయించలేదు. గీత లోపల ఆరడుగుల గోడ కట్టినవాడు నేరస్థుడు, అదే గీత లోపల ఆరడుగుల మందాన మట్టి పరిచినవాడు మా ప్రాంత అభివృద్ధికి మూలపురుషుడు.

మట్టి విషయంలో ప్రభుత్వం ఉదాసీనంగా ఉందనడం కూడా అపవాదే. కట్టలకు, రోడ్లకు, భవనాలకు గుంతలు నింపడానికీ, నేల చదును చేయడానికీ వాడే మామూలు మట్టిని 2000 ఫిబ్రవరిలోనే కేంద్రం చిన్నతరహా ఖనిజంగా ప్రకటించింది. అప్పటి నుంచి టిప్పరెక్కిన మట్టికి సీనరేజి అనే రుసుము ఉంది, పర్మిట్ ఉంది, దారిలో చెయ్యెత్తి ఆపే మనిషి ఉన్నాడు. అదే మట్టి వాననీటి వెంట కాలినడకన బయలుదేరితే వీటిలో ఏదీ అక్కర్లేదు. రెండు ప్రయాణాల్లోనూ మట్టి ఒక సర్వే నంబరు వదిలి మరో సర్వే నంబరు చేరుతుంది. తేడా అల్లా డీజిల్ ఖర్చే. ఏ వాహనం ఎంచుకోవాలో వెంచర్ వేసేవారికి నేర్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

చెరువుకు ఎగువన పని జరిగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఉగాదికి బ్రోచర్ వస్తుంది. ఎండలు ముదిరేసరికి ప్రొక్లెయినర్లు దిగి తుమ్మ, తంగేడు, గరికల వేళ్లతో సహా పైమట్టిని గీకి పారేస్తాయి. ఇరవై ఎకరాలనూ ఒక్క ఊపులో గీకాలి. విడతలవారీగా చదును చేసి, ఒక భాగంలో రోడ్లు, కాలువలు పూర్తయ్యాకే రెండో భాగం ముట్టుకుంటే నేల కొంతైనా నిలుస్తుంది కానీ, గేటు దగ్గర కారు దిగిన కొనుగోలుదారుకు అవతలి ప్రహరీ కనపడదు, పొదలు కనపడతాయి, పొదలు కనపడితే గజం రేటు పడిపోతుంది. ఇలా నున్నగా గొరిగిన వాలు మీద జూన్ రెండో వారంలో మృగశిర కార్తె చినుకులు పడతాయి. వేరు పట్టు లేని మట్టిని చినుకు దెబ్బ కొట్టి లేపుతుంది, పారే నీరు దారి చూపుతుంది. మొరం రాళ్లు బరువెక్కువ కాబట్టి వెంచర్ గేటు దగ్గరే దిగిపోతాయి; ఇసుక మా కల్వర్టు దాకా వచ్చి దాన్ని సగానికి మూసి విశ్రమిస్తుంది; సన్నని ఒండ్రు మాత్రం ఎర్రని నీళ్లలో తేలుతూ టికెట్టు లేకుండా చెరువు దాకా వెళ్తుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు పెద్దలు. ఆ మాట రైతును ఉద్దేశించి అన్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇందులో అనుమతులు లేనిది ఏదీ లేదని గమనించాలి. సాగుభూమిని ప్లాట్లకు మార్పించుకోవడాన్ని మన కార్యాలయాల్లో 'నాలా' చేయించడం అంటారు. అది వ్యవసాయేతర భూముల పన్నుకు ఉన్న పాత ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాల కూర్పు. నీళ్లు పారే నాలాతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఎగువ వెంచర్ వారిని నేనొకసారి "నాలా అయిందా అండీ?" అని అడిగాను. "ఎప్పుడో అయిపోయిందండీ" అని వినయంగా జవాబిచ్చారు. వర్షాకాలం వచ్చాక వెళ్లి చూస్తే ఆయన అబద్ధం ఆడలేదని తేలింది. కాగితం మీది నాలా అయింది, నేల మీది నాలా అయిపోయింది.

నా మేనల్లుడు అమెరికాలోని మసాచుసెట్స్‌లో సైటు ఇంజినీరు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు చెప్పిన సంగతులు వింటే ఆ దేశం ఇంత వెనకబడి ఎందుకుందో అర్థమైంది. అక్కడ ఒక ఎకరం నేల కదిలించాలన్నా వాననీటి అనుమతి తీసుకోవాలట. మట్టిని ఎలా ఆపబోతున్నారో ముందే పటం గీసి పెట్టుకోవాలట. వాలు దిగువ అంచున గుడ్డ కంచె పాతి, నీరు కిందనుంచి దూరకుండా దాని అంచును నేలలో పూడ్చాలట. టిప్పర్లు బయటికి వచ్చే దారిలో కంకర పరిచి చక్రాలకంటిన మట్టి అక్కడే రాలేట్టు చూడాలట. పారే నీరు కాసేపు ఆగి మట్టిని దించుకుని పోవడానికి గుంట తవ్వితే, దానిలోకి పారే ప్రతి ఎకరానికీ 3,600 ఘనపుటడుగుల చొప్పున చోటు ఉండాలన్నది వాళ్ల కొలతల్లో ఒకటట. పని 14 రోజులకు మించి ఆగే చోట గడ్డి విత్తనాలు చల్లి ఎండుగడ్డి కప్పాలి. ఇదంతా ఒక ఎత్తు.

"పావు అంగుళం వాన పడితే చాలు మామయ్యా, 24 గంటల్లోపల సైటుకు వెళ్లి కంచె నిలిచిందో పడిందో చూసి రిజిస్టరులో రాయాలి" అన్నాడు వాడు.

"పావు అంగుళమా! మా దగ్గర దాన్ని వాన అనరురా, వాతావరణం చల్లబడింది అంటారు" అన్నాను.

వాడి ముందు మన పరువు దక్కించడానికి మా వెంచర్‌కు తీసుకువెళ్లి, మనవాళ్లూ గుడ్డ కంచె కట్టారని చూపించాను. నిజంగానే కట్టారు, చక్కని ఆకుపచ్చ గుడ్డ, మనిషి ఎత్తున. అయితే అది ఎగువ వైపున రోడ్డు అంచు పొడవునా ఉంది. దిగువన చెరువు వైపు ఏమీ లేదేమని వాడు అడిగాడు. చెరువుకు గాలీ వెలుతురూ ఆడాలి కదా అని సర్దిచెప్పాను.

మన పుస్తకాల్లో నియమాలే లేవని దీన్నిబట్టి ఎవరూ అనుకోకూడదు. 2002 నాటి వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నాయి. బోరు వేసేటప్పుడు నీరు గుర్తుకొస్తుంది, మాను కొట్టేటప్పుడు చెట్లు గుర్తుకొస్తాయి; భూమి మాత్రం ముగ్గురు పిల్లల్లో నడిమిదానిలా ఎవరినీ ఏమీ అడగకుండా పెరుగుతోంది. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ధ్రువీకరణలో కూడా నిర్మాణం జరిగేటప్పుడు మట్టి కొట్టుకుపోకుండా చూడటం తప్పనిసరి షరతు, కానీ దానికి పాయింట్లు ఉండవు. పాయింట్లు లేని ధర్మకార్యం మీద ఎంత మక్కువ ఉంటుందో పరీక్షలు రాసినవారందరికీ తెలుసు.

పూర్వం మనవాళ్లు ఈ విషయంలో అతిగా ఆలోచించేవారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పాటు పనిచేస్తే కట్ట పూర్తయిందని అందులో ఉంది. అంతటితో ఊరుకోక, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ లెక్కపెట్టి మరీ చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం, చెరువు నడుమ మిట్ట లేచి ఉండటం ఒక దోషం. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనట. మా చెరువు నీరు ఒక శాఖది, నీరు నిలిచే శిఖం భూమి ఇంకో శాఖది, కట్ట మీది దీపాలు మూడో శాఖవి, ఎగువ లేఅవుట్ నాలుగో శాఖది. నాలుగు రాజ్యాలు కలిసే చోట ఎవరూ యుద్ధం చేయకపోవడం చూస్తే భాస్కరుడికి ముచ్చటేసేది. ఇక నడుమ మిట్ట సంగతి: మా చెరువులో మిట్ట లేదు, మిట్టలో అక్కడక్కడ చెరువు ఉంది.

పూడిక వల్ల నష్టమని వాదించేవారు దాని ఉపాధి కల్పనను మరచిపోతున్నారు. వానలకు ముందు ఏటా నాలాల పూడికతీతకు టెండర్లు పిలుస్తారు. తీసిన పూడికను దూరం మోయడం దండగ కనుక నాలా గట్టునే కుప్పలు పోస్తారు. మొదటి వానకు అది ఎవరికీ శ్రమ ఇవ్వకుండా తన స్వస్థానానికి తానే దిగిపోతుంది. ఇంత క్రమశిక్షణ గల వస్తువు పురపాలనలో మరొకటి లేదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయాలని పెట్టుకుని, తవ్విన ఒండ్రును రైతులు పొలాలకు తోలుకోమన్నారు. అందులో ఒక లోపం తప్ప అంతా సవ్యంగానే ఉంది. రైతు తోలుకోవాలంటే పొలం ఉండాలి. మా చెరువు పైని పొలాలు అప్పటికే ప్లాట్లయ్యాయి కనుక మట్టిని ఇంటికి పంపుదామన్నా దానికి ఇల్లు లేదు.

దేశం మొత్తం మీద ఏటా సుమారు 533 కోట్ల టన్నుల మట్టి కొట్టుకుపోతోందని, అందులో పదో వంతు జలాశయాల్లో చేరుతోందని 1983లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్కలో ఎక్కువ భాగం పొలాలదీ బీళ్లదీ. రాయలసీమ రైతుకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 133 టీఎంసీలతో మొదలైన తుంగభద్ర జలాశయంలో ఇప్పుడు పట్టేది సుమారు 105. అక్కడ పూడిక డెబ్బై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న వాటాను, మా చెరువులో ఒక వెంచరు, దాని రెండో ఫేజు, రెండు కార్తెలు కలిసి సాధించాయి. చిన్నవారని తక్కువ చేయకూడదు.

ఈ సందర్భంలో విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలను తలచుకోవాలి. గాలీ, సముద్రమూ, వానా వేల ఏళ్లు పోగుచేసి కోసిన ఆ ఎర్రని లోయలను 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరాయి. దక్షిణాసియాలో అటువంటి తీరపు ఎర్రఇసుక మేటలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేవంటారు. వారు మా పడమటి వాలు చూడలేదు. ఒక్క వర్షాకాలంలో అక్కడ పడిన గండ్లు లోతులో, రంగులో, వంపుసొంపుల్లో దేనికీ తీసిపోవు, పైగా ప్రకృతికి వేల ఏళ్లు పట్టిన పని మూడు నెలల్లో ముగిసింది. రెండింటికీ తేడా ఏమిటని అడిగేవారికి నా దగ్గరున్న సమాధానం ఒక్కటే: అక్కడి గండ్లకు ప్రవేశద్వారం పక్కన బోర్డు ఉంది, ఇక్కడి గండ్లకు బోర్డు మీద గజం ధర ఉంది.

కాబట్టి నియమాలు మార్చమని, ఎగువ అంచు గుడ్డను విప్పి దిగువ అంచున కట్టమని, నాలుగు గుంటలు తవ్వమని, గీకే నేలను విడతలుగా గీకమని మా కాలనీ సంఘం వారు తయారుచేసిన అర్జీ మీద నేను సంతకం పెట్టలేదు. లేఅవుట్‌కు అనుమతిచ్చేటప్పుడు రోడ్డు వెడల్పు, పార్కు వాటా చూసే అధికారి చేతికి, వానపడ్డ మరునాడు చెప్పులు విడిచి బురదలో నడిచి నింపవలసిన ఒక కాగితం కూడా ఇవ్వాలని అందులో రాశారు. ఆ చెప్పుల సంగతి ఆలోచించే వెనకాడాను. దానికి బదులు పూడిక పేరిట పట్టా దరఖాస్తు నింపి తహసీల్దారు కార్యాలయంలో ఇద్దామని కూర్చున్నాను. అనుభవంలో ఉన్న కాలం, విస్తీర్ణం, శిస్తు బకాయి లేదన్న హామీ, అన్నీ నింపాను. హద్దుల దగ్గరకొచ్చేసరికి, పడమర వెంచర్ ప్రహరీ, ఉత్తరం మూసుకుపోయిన నాలా, దక్షిణం మా కాలనీ రోడ్డు అని సిరాతోనే రాశాను. తూర్పు హద్దు నీళ్లు. అది ఏటా వెనక్కి జరుగుతోంది కాబట్టి ఆ ఒక్క గడీ పెన్సిలుతో నింపాను.