ఎర్రచందనం నాటండి, ప్లాటు కొనకండి

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న బ్రోషర్లు మీరూ చూసే ఉంటారు. తిరుపతికి గంట దూరంలో పది సెంట్ల ప్లాటు, అందులో ఎర్రచందనం మొక్కలు, డ్రిప్పు, కంచె, పదిహేనేళ్లకు కోటి రూపాయలు. ఊరి మీద బెంగ, లాభం మీద ఆశ రెండూ ఒక్క కాగితంలో తీరిపోతాయి మరి! అయినా కొనొద్దనే చెబుతాను.

ఎర్రచందనం మాగాణి చెట్టు కాదు. శేషాచలం, వెలిగొండ, లంకమల కొండల్లో, రాళ్ల సందుల్లో, నీరు నిలవని ఏటవాలు నేలల్లో ఎండకు ఓర్చి మెల్లగా పెరుగుతుంది. తూర్పు కనుమల దక్షిణ కొస దాటితే ఇంకెక్కడా అడవిలో తనంతట తాను పెరగదు. వాసన వస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వాసన శ్రీగంధానిది. దీనికి ధర పలికేది లోపలి ఎర్రటి చేవను బట్టే. బయటి తెల్ల చెక్కను అడిగే నాథుడుండడు. ఆ చేవ బాగా పట్టాలంటే పాతిక, ముప్పై ఏళ్లు తక్కువ కాదు. నీళ్లు, ఎరువులు దండిగా పోస్తే మాను లావెక్కుతుంది కానీ, చేవ మన తొందరకు రాదు. బ్రోషర్లో మాను చుట్టుకొలత ఉంటుంది, చేవ ఊసే ఉండదు.

పోనీ ముప్పై ఏళ్లు ఆగుతారనుకుందాం. సొంత పొలంలో చెట్టయినా నరకాలన్నా, లారీకెక్కించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 1995 నుంచి ఇది సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. సాగుచేసిన కలప ఎగుమతికి 2019లో కేంద్రం దారిచ్చినా, అది సాగుచేసిందేనని రుజువు చూపాల్సింది మనమే. న్యూజెర్సీలో కూర్చుని ఆ ఫైలు ఎవరి చేత కదిలిస్తారు? అడవిలో చెట్లకే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ కాపలా కాయాల్సివస్తోంది. మీ పది సెంట్లకు ఎవరుంటారు?

ఊళ్లో నాన్నగారి మెట్ట పొలం ఉంటే మాత్రం గట్టు వెంట తప్పకుండా నాటండి. కాయ చిన్న అప్పడంలా ఉంటుంది, మధ్యలో ఉబ్బు, చుట్టూ పల్చటి రెక్క. పైతొక్క గట్టిది కాబట్టి ఊరికే పాతితే చాలావరకు మొలవవు. రెక్క కత్తిరించి, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో వేయాలి. మొక్క నిలదొక్కుకున్నాక వానల్లో నాటుకోవాలి, చెట్టుకూ చెట్టుకూ నాలుగు మీటర్లు వదలాలి. నల్లరేగడి, నీరు నిలిచే చోటు వద్దు. మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోసి, మేకలు పడకుండా చూసుకుంటే చాలు. మీ డల్లాస్ పెరట్లో ప్రయత్నించకండి, గడ్డకట్టే చలికి బతకదు.

నాటిన ఏడాదే అడంగల్‌లో, అంటే ఊరి భూమి, పంటల రికార్డులో, చెట్ల సంఖ్య రాయించమని ఊళ్లో ఉన్న తమ్ముడికో బావమరిదికో చెప్పండి. అది లేకపోతే రేపు అది అడవి దుంగ కాదని చెప్పుకోవడానికి మీ మనవడి చేతిలో ఏ కాగితమూ ఉండదు.