రూబే రాళ్ళు ఎవరికీ మెత్తన కావు

ఏటా ఏప్రిల్‌లో, ఉత్తర ఫ్రాన్స్‌లోని పాత రాతి బాటల మీద సాగే పారిస్–రూబే సైకిల్ రేసు దగ్గరపడగానే ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. సైకిలంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా దాన్ని ఆలోచించకుండా పదిమందికి పంపుతున్నారు. అందులోని మాటలు ఇవి: "మహిళల పారిస్–రూబే పేరుకే పారిస్–రూబే. అది పారిస్‌లో మొదలు కాదు. అందులో అరెన్‌బర్గ్ అడవి బాట లేదు. దూరం సగమే. గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది. అందుకే బహుమతి తక్కువ, అది న్యాయమే." 2021లో మొదలైన ఈ మహిళల రేసును మొదటి ఏడాది నుంచీ కళ్ళార్పకుండా చూస్తున్నదాన్ని కనుక ఊరుకోలేకపోయాను.

పారిస్ సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. మగవాళ్ళ రేసు కూడా పారిస్‌లో మొదలు కాదు. 1977 నుంచి అది పారిస్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని కాంపియేన్ పట్టణం నుంచి బయలుదేరుతోంది. వాళ్ళకు చెల్లిన పేరు ఉత్తర ఫ్రాన్స్‌లోని దెనాన్ ఊరి నుంచి బయలుదేరే ఆడవాళ్ళకూ చెల్లుతుంది.

అరెన్‌బర్గ్ అడవిలోని పేరుమోసిన రాతి బాట లేదన్న మాట నిజం. 2021 నుంచి 2025 వరకు జరిగిన ఐదు రేసుల్లోనూ ఆడవాళ్ళు ఆ అడవి బాట తొక్కలేదు. "అది లేకపోతే నరకం ఎక్కడిది?" అని సందేశం పంపేవాళ్ళు అడుగుతారు. ఈ రేసుకు "ఉత్తరాది నరకం" అన్న పేరు 1919లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, రేసు దారి ఏమైందో చూడడానికి వెళ్ళినవారికి ఉత్తర ఫ్రాన్స్‌లో కూలిన ఊళ్ళు, ఫిరంగి గుంతలు, మోడులైన చెట్లు కనిపించాయి. ఆ దృశ్యానికి పెట్టిన పేరది. అరెన్‌బర్గ్ బాట రేసులోకి వచ్చింది 1968లో. ఆ బాట కింది బొగ్గుగనిలో ఒకప్పుడు పనిచేసి, తరువాత ప్రపంచ విజేత అయిన జాన్ స్టాబ్లిన్‌స్కీ దాన్ని నిర్వాహకులకు చూపించాడు. అంటే 1896లో పుట్టిన మగవాళ్ళ రేసు డెబ్బై ఏళ్ళకు పైగా అరెన్‌బర్గ్ లేకుండానే నడిచింది. 2005లో బాట పాడైందని మళ్ళీ పక్కన పెట్టారు. ఆ ఏడాది గెలిచినవాడి విజయం ఉత్తుత్తిదని ఎవరైనా అన్నారా? అన్నిటికన్నా కష్టమైనవని నిర్వాహకులు అయిదు నక్షత్రాలు ఇచ్చిన బాటలు అరెన్‌బర్గ్‌తో కలిపి మొత్తం మూడు. వాటిలో మోన్స్-ఆన్-పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర్ రెండూ ఆడవాళ్ళ దారిలో ఉన్నాయి.

ఇక దూరం. సందేశంలో జనం ఎక్కువగా నమ్మేది దీన్నే. 2024 లెక్కలు తీసుకుందాం. మగవాళ్ళకు దాదాపు 260 కిలోమీటర్లు, అందులో రాతి బాట 55.7. ఆడవాళ్ళకు 148.5 కిలోమీటర్లు, అందులో రాతి బాట 29.2. తక్కువే, కాదనను. రెండు వందల కిలోమీటర్లు తొక్కిన కాళ్ళతో రాళ్ళ మీదికి వెళ్ళడం వేరే పరీక్ష అని కూడా ఒప్పుకుంటాను. కానీ ఆ దూరాన్ని ఎంచుకున్నది ఆడవాళ్ళు కాదు. మహిళల ఒక్కరోజు రేసుకు 160 కిలోమీటర్ల హద్దు గీసింది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య. పైగా ఆ 29.2 కిలోమీటర్లు సులువైన చోట ఏరి తెచ్చినవి కావు. మగవాళ్ళ రేసులోని చివరి 17 రాతి బాటలే అవి, అదే వరుసలో. 2021లో ఆడవాళ్ళ రేసు 116.4 కిలోమీటర్లు, అందులో నాలుగో వంతు రాళ్ళే. అదే ఏడాది మగవాళ్ళకు అయిదో వంతుకు కాస్త ఎక్కువ.

ఆ రాళ్ళ మీద ఏం జరుగుతుందో కూడా తెలియాలి. వేగంగా పోయే చక్రం రాయి నుంచి రాయికి తేలిపోతుంది. వేగం తగ్గిన కొద్దీ రాళ్ళ సందుల్లోకి దిగి గుద్దుకుంటుంది. బరువైన మనిషి సైకిలును బాటకు అదిమి ఉంచగలడు. తేలికైన మనిషి ఎగిరెగిరి పడుతుంది. వాన పడితే బాట నడిమి గట్టు సబ్బులా జారుతుంది, అంచున బురద.

2021 అక్టోబర్ 2న, మహిళల మొట్టమొదటి రూబే రోజున, సరిగ్గా అలాంటి వాన. బ్రిటన్‌కు చెందిన లిజీ డేగ్నన్ ముగింపుకు 80 కిలోమీటర్లకు పైగా ఉండగానే ఒంటరిగా ముందుకు వెళ్ళిపోయింది. ఒకచోట వెనుక చక్రం పూర్తిగా పక్కకు జారింది. గుండె ఆగినంత పనైంది నాకు. ఆమె పడలేదు, నిలదొక్కుకుంది. చేతులకు తొడుగులు లేవు. రేసు ముగిసేసరికి అరచేతులు ఒరుసుకుపోయి, హ్యాండిల్‌కు చుట్టిన టేపు రక్తంతో తడిసింది. ఆమె గీత దాటిన నిమిషం పైచిలుకు తరువాత గాని రెండో స్థానంలో నెదర్లాండ్స్‌కు చెందిన మరియాన్ వోస్ రాలేదు.

"గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది" అన్న మాట రాసినవారు ఒక్క రేసూ చూసి ఉండరు. మొదటి ఐదేళ్ళలో ఐదుగురు విజేతలు, ఐదు దేశాలు. డేగ్నన్ తరువాత 2022లో ఇటలీకి చెందిన ఎలీసా లోంగో బోర్గీని ఒంటరిగా గెలిచింది. 2023లో ఇంకా విడ్డూరం: మొదట్లోనే ముందుకు విడిపోయిన గుంపును, ఎలాగూ పట్టేస్తాంలే అని మిగతావాళ్ళు వదిలేశారు. పట్టలేకపోయారు. పెద్ద పేర్లన్నీ కొన్ని సెకన్ల దూరంలో ఆగిపోగా, ఆ ముందు గుంపులోని కెనడా అమ్మాయి ఆలిసన్ జాక్సన్, రేసు ముగిసే రూబే వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల మైదానంలో) అందరినీ దాటి గెలిచి, అక్కడే నాట్యం చేసింది. ఎవరు ఊహించారు ఆమె పేరు? 2024లో ప్రపంచ విజేత జెర్సీ వేసుకున్న బెల్జియం అమ్మాయి లోటె కోపెకీ చిన్న గుంపులో చివరి పరుగు తీసి గెలిచింది. 2025లో ఫ్రాన్స్‌కు చెందిన పోలీన్ ఫెరాన్-ప్రెవో మొట్టమొదటిసారి ఈ రేసుకు వచ్చి, చివరి 20 కిలోమీటర్లూ దాదాపు ఒంటరిగా తొక్కి గెలిచింది. ఆ వేసవిలోనే మహిళల టూర్ ద ఫ్రాన్స్ కూడా ఆమెదే.

చివరిది డబ్బు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. 2021లో డేగ్నన్‌కు దక్కిన బహుమతి 1,535 యూరోలు. మర్నాడు అదే వెలోడ్రోమ్‌లో మగవాళ్ళ రేసు గెలిచిన సోనీ కోల్‌బ్రెల్లీకి 30,000. దూరంలో తేడాకే బహుమతిలో తేడా అయితే అది సగం ఉండాలి, ఇరవయ్యో వంతు కాదు. ఆ తేడాను ఆమె జట్టే తన జేబులోంచి పూడ్చింది. "చూసేవాళ్ళు తక్కువ కదా" అంటారు. 1896 నుంచి 2021 వరకు, 125 ఏళ్ళపాటు, ఆడవాళ్ళను ఆ దారిలోకే రానివ్వలేదు. జరగని రేసుకు చూసేవాళ్ళు ఎలా పుడతారు? పొరుగున బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసు నిర్వాహకులు 2022లో తమ రేసుకు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన బహుమతి ఇచ్చారు. ఆ రేసేమీ ఆగిపోలేదు.

ఈ సందేశం మీకు మళ్ళీ వస్తే, పంపినవారికి 2021 రేసు చివరి గంట చూడమని చెప్పండి. డేగ్నన్ రెండు చేతులూ పైకెత్తి గీత దాటాక, కెమెరా సైకిలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ టేపు మీది మరకను చూడమనండి.