కొలతలు ఎవరివి? చిన్న వ్యాపారానికి టెంప్లేట్ సైటా, కస్టమ్ సైటా

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టాలనుకునేవారు ఎవరిని సలహా అడిగినా ముందుగా వినిపించేది చొక్కా పోలిక. టెంప్లేట్, అంటే ముందే తయారై ఉన్న సైటు నమూనా, రెడీమేడ్ చొక్కా లాంటిది. కస్టమ్ డిజైన్, అంటే మన కోసమే ప్రత్యేకంగా చేయించుకున్న సైటు, కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది. వినడానికి సబబుగానే ఉంటుంది. సైట్లు చేసిపెట్టేవారికి బేరం కూడా సులువవుతుంది, ఎందుకంటే కుట్టించుకున్నదే ఒంటికి అతుకుతుందనే మాటను ఎవరూ కాదనరు. అయితే చొక్కాకు డబ్బిచ్చేవాడూ దాన్ని తొడుక్కునేవాడూ ఒక్కడే. వెబ్‌సైట్ సంగతి అలా కాదు. యజమాని తన సైట్‌ను ప్రారంభించిన వారం రోజులూ పదే పదే తెరిచి మురిసిపోతాడు, ఆ తర్వాత దాని వైపు తొంగి చూడడు. దాన్ని వాడేది ముక్కూ మొహం తెలియని మరెవరో. ఒక చేత్తో ఫోను పట్టుకుని, అర నిమిషం తీరికతో వచ్చే మనిషి.

నేను చూసిన కస్టమ్ సైట్లలో చాలావాటికి యజమాని కొలతలే తీశారు. ఆయనకు నచ్చిన రంగు, తెర సగం ఆక్రమించే లోగో, మొదటి పేజీలో ఒకదాని వెంట ఒకటి జరిగిపోయే బొమ్మలు, సంస్థ ఆశయం గురించి మూడు పేరాలు. పని వేళలు తెలుసుకోవడానికి వచ్చిన మనిషి కొలతలు తీయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. టెంప్లేట్ తయారుచేసినవారు ఆ పనిని తెలియకుండానే కొంత చేసి ఉంటారు. వేలమంది వాడే సరుకు కాబట్టి, వాడుకలో తేలిన తప్పులు ఒక్కొక్కటిగా సర్దుకుంటూ వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న వ్యాపారాల్లో ఎక్కువ భాగానికి టెంప్లేట్ చాలు, అది చవక అన్నది మాత్రం అసలు కారణం కాదు. కొద్దిమందికి టెంప్లేటే చివరికి ఖరీదైన తప్పవుతుంది. ఈ రెండు వర్గాలనూ విడదీసేది బడ్జెట్ అనుకుంటారు. నా దృష్టిలో విడదీసేది వేరొకటి: ఆ వ్యాపారానికి ఉన్న ప్రత్యేకత కనిపించే తీరులో ఉందా, పని జరిగే తీరులో ఉందా అన్నది.

టెంప్లేట్ అనగానే పెదవి విరవడం పాత రోజుల అలవాటు. అప్పట్లో దానికి కారణమూ ఉంది. సొంత పేజీలు పెట్టుకోవడానికి చోటిచ్చిన జియోసిటీస్ 1994లో మొదలైంది, ఆ కాలంలో ఎవరికి వారు పేజీలు కట్టుకునేవారు. రంగుల నేపథ్యం మీద రంగుల అక్షరాలు, మిణుకుమనే బొమ్మలు. 2003లో సైట్లు కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వచ్చింది. 2005 ఫిబ్రవరిలో విడుదలైన దాని 1.5 వెర్షన్‌లో థీమ్‌ల పద్ధతి, అంటే వర్డ్‌ప్రెస్ తరహా టెంప్లేట్ల పద్ధతి, ప్రవేశించింది. పేరుకు చిన్న మార్పే, కానీ రాసిన విషయం ఒకచోట, దాని వేషం వేరొకచోట ఉండటం వల్ల, విషయాన్ని ముట్టుకోకుండా వేషం మార్చే వీలు కలిగింది. అప్పటికీ ఫోనులో చూస్తే చాలా సైట్లు చీమ తలకాయంత అక్షరాలతో కనిపించేవి. తెర వెడల్పును బట్టి పేజీ తనను తాను సర్దుకునే పద్ధతికి 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది ట్విటర్ ఇంజినీర్లు బూట్‌స్ట్రాప్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను, అంటే పేజీలు కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్‌ను, అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఒకప్పుడు డబ్బు పోసి చేయించుకోవలసిన సదుపాయం ఇప్పుడు ఓ మోస్తరు థీమ్‌లో కూడా ముందే ఉంటోంది.

ఈ చరిత్రకు రెండో పక్క కూడా ఉంది. కస్టమ్‌గా చేస్తామనేవారు కూడా అదే బూట్‌స్ట్రాప్‌తోనో, అలాంటి మరో ఫ్రేమ్‌వర్క్‌తోనో మొదలుపెడతారు. ఇందులో తప్పేమీ లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ ఇటుకలు తానే కాల్చాలని ఎవరూ అడగరు. కొని తెచ్చిన థీమ్‌కు రంగు మార్చి, మొత్తం సున్నా నుంచి చేశామని బిల్లు వేయడం మాత్రం మోసమే. ఇది పట్టుకోవడం కష్టం కాదు. వర్డ్‌ప్రెస్ సైటయితే బ్రౌజరులో పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచి చూడండి, 'థీమ్స్' అనే ఫోల్డరు పేరు పక్కన సాధారణంగా ఆ థీమ్ పేరు కనబడుతుంది. దాన్ని సెర్చ్‌లో వెతికితే అదే ముస్తాబుతో ఉన్న డెమో (థీమ్ అమ్మేవారు చూపించే నమూనా సైటు) ఎదురైందంటే, మాట్లాడవలసిన మాటలు కొన్ని ఉన్నాయన్నమాట.

ఇక అందరూ లేవనెత్తే అభ్యంతరం: 'మా సైటు కూడా అందరి సైట్లలాగే ఉంటుంది కదా!' ఉంటే ఏమిటి నష్టం? జనం సైట్లను వాడే తీరును పరిశోధించిన జాకబ్ నీల్సన్ చాలాకాలం కిందటే చెప్పినట్టు, జనం ఎక్కువ సమయం గడిపేది మీ సైటులో కాదు, మిగతా సైట్లలో. అక్కడ అలవాటైన తీరులోనే ఇక్కడా పని జరగాలని కోరుకుంటారు. లోగో నొక్కితే మొదటి పేజీ రావాలి. మెనూ పైన ఉండాలి. ఈ అలవాట్లను చెరిపి కొత్తదనం చూపించాలనుకునే చిన్న వ్యాపారం, తలుపు గడియ ఎక్కడుందో వెతుక్కోమని వచ్చినవారికి పరీక్ష పెడుతున్నట్టే.

నిజానికి టెంప్లేట్‌తో దెబ్బతినేది అందరి సైట్లలా ఉండటం వల్ల కాదు, డెమో వల్ల. డెమోలో ఫోటోలు ఆరితేరిన ఫోటోగ్రాఫర్లు తీసినవి. శీర్షికలన్నీ రెండు మూడు మాటలు. ప్రతి పెట్టెలోనూ సరిగ్గా మూడు వరుసల రాత, పక్కపక్కనే మూడు పెట్టెలు. కొనుక్కున్నాక అందులో సొంత ఫోటోలు పెట్టండి: ట్యూబులైటు వెలుగులో తీసినది ఒకటి, నిలువుగా తీసినది మరొకటి. సేవ పేరు రెండు మాటల్లో ఇమడదు, తొమ్మిది మాటలవుతుంది. మూడు పెట్టెలున్నచోట మనకు చెప్పుకోదగినవి రెండే ఉంటాయి. మూడో దాన్ని నింపడానికి 'నాణ్యత' అని ఒక పెట్టె పుట్టుకొస్తుంది, దాని కింద ఎవరూ చదవని వాక్యం ఒకటి. రోమన్ అక్షరాల కొలతలకు గీసిన వరుసల మధ్య తెలుగు వత్తులు, గుణింతాలు ఇరుక్కుని పై వరుసను కింది వరుస ఒరుసుకుంటుంది. అప్పుడు 'ఈ థీమ్ బాగాలేదు' అంటారు. పాపం, థీమ్ ఏమీ మారలేదు. మనల్ని ఆకట్టుకున్న అందంలో సగం ఫోటోలది, ఆ ఫోటోలు మన దగ్గర లేవు.

అందుకే టెంప్లేట్ ఎంచుకునేవారికి నేను చెప్పే ఉపాయం కొంచెం మోటుగా ఉంటుంది. తమ దగ్గరున్న ఫోటోల్లో అన్నిటికంటే అధ్వానమైనది, తమ సేవల్లో అన్నిటికంటే పొడవైన పేరున్నది తీసుకుని, ముందు ఆ రెండింటినీ డెమోలో పెట్టి చూడమంటాను. సైట్లు కట్టుకునే చాలా వేదికల్లో డబ్బు కట్టకముందే ఇలా ప్రయత్నించవచ్చు. ఆ రెండింటినీ మోయగలిగిన టెంప్లేట్ మిగతావన్నీ మోస్తుంది. కస్టమ్ డిజైనుకు పెట్టదలచుకున్న డబ్బులో కొంత మంచి ఫోటోలకూ, తిన్నగా రాయగలిగిన మనిషికీ ఇస్తే సైటు ముఖమే మారిపోతుంది. ఈ సలహా విని ఇప్పటివరకు ఎవరూ ఉత్సాహపడలేదు. డిజైన్ కొంటే కొత్త వస్తువు చేతికొచ్చినట్టుంటుంది, రాత కొంటే ఏమీ కొననట్టే ఉంటుంది కాబోలు.

వేగం సంగతి. అందరికీ పనికొచ్చేలా చేసిన థీమ్‌లో మనకు అక్కరలేనివి కూడా బోలెడు ఉంటాయి, అవన్నీ పేజీతో పాటు దిగుమతవుతాయి. ఈ విషయంలో కస్టమ్ పక్షాన న్యాయం ఉంది, అయితే హామీ లేదు. మొదటి పేజీలో దానంతట అదే ఆడే వీడియో పెట్టిన కస్టమ్ సైట్లకు కొదవ లేదు. గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ కొలమానాల ప్రకారం పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కిన బటన్‌కు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, ఈ రెండో కొలత ఇప్పటి రూపంలో అమలులోకి వచ్చింది 2024 మార్చిలో. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరికరంలో సైటు చిరునామా ఇస్తే చాలు, ఈ లెక్కలు తేలిపోతాయి. టెంప్లేట్ కొనేముందు దాని డెమో చిరునామా ఇవ్వండి. డెవలపర్‌ను పెట్టుకునేముందు అతను ఇదివరకు చేసిన సైట్ల చిరునామాలు ఇవ్వండి. ఇద్దరి మాటలూ వినడం కంటే ఇది తక్కువ సమయం తీసుకుంటుంది.

మరి కస్టమ్ ఎవరికి కావాలి? యంత్రాలకు రబ్బరు గాస్కెట్లు (భాగాల అతుకుల మధ్య కారకుండా పెట్టే బిళ్లలు) చేసే చిన్న తయారీదారుడిని ఊహించుకోండి. రెండు వేల రకాల సరుకు. కొనడానికి వచ్చేవాడి చేతిలో అరిగిపోయిన పాత గాస్కెట్ ఒకటి ఉంటుంది, దాని పేరు అతనికి తెలియదు. తెలిసింది లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మామూలు దుకాణం టెంప్లేట్ ఆ మనిషిని చిన్నది, మధ్యస్థం, పెద్దది అని అడుగుతుంది. అతనికి కావలసింది మూడు అంకెలు కొట్టగానే, అర మిల్లీమీటరు అటూ ఇటూ సరిపోయే వాటిని ముందుంచే వెతుకులాట. దీన్ని టెంప్లేట్‌లో సాధించాలని వడపోతకు ఒక ప్లగిన్ (సైటుకు అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రాం), ధర అడగడానికి మరొకటి, ఆ రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడకుండా మూడోది తగిలిస్తారు. ఒకదానికి అప్‌డేట్ రాగానే రెండోది మొరాయిస్తుంది. చవకగా మొదలైన సైటు అక్కడినుంచి జీతం లేని ఉద్యోగంలా తయారవుతుంది. ఒకే పరికరాల సెట్టును గంటల లెక్కన పలువురికి అద్దెకిచ్చేవారిది కూడా ఇదే అవస్థ. వీరికి సైటు ప్రచార పత్రం కాదు, పనిముట్టు.

అదే ఒక అకౌంటెంట్‌నో, సంగీతం నేర్పే టీచర్‌నో తీసుకుంటే, వచ్చినవారు అడిగేవి నాలుగైదు ప్రశ్నలు: ఏం చేస్తారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎలా సంప్రదించాలి. వీటికి జవాబు చెప్పడానికి కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.

గాస్కెట్ల తయారీదారుడికి కూడా సైటంతా కస్టమ్‌గా కావాలా అంటే, అక్కరలేదనే నా ఉద్దేశం. మామూలు పేజీలన్నిటికీ తేలికపాటి థీమ్ ఒకటి, ఆ కొలతల వెతుకులాట ఒక్కదానికి మాత్రం చేయి తిరిగిన డెవలపర్. ఖర్చు ఎక్కడ అవసరమో అక్కడే పడుతుంది. ఈ మధ్యేమార్గం గురించి ఎక్కడా పెద్దగా వినబడదు. టెంప్లేట్ అమ్మేవారికి ఇందులో అదనంగా వచ్చేది లేదు, పూర్తి సైటు చేసేవారికి తగ్గేదే ఎక్కువ.

ఎంపిక ఏదైనా, తాళంచెవుల విషయం అందం కంటే ముందు తేల్చుకోవాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నా సైటు చేసిపెట్టిన వ్యక్తి డొమైన్‌ను, అంటే సైటు చిరునామాను, తన పేరుతో నమోదు చేశాడు. నేను అడగలేదు, అతనికి చెప్పాలని తోచలేదు. గడువు ముగుస్తోందని వచ్చిన మెయిళ్లన్నీ అతని పాత చిరునామాకు వెళ్లాయి. సైటు మాయమయ్యాక అతన్ని పట్టుకోవడానికే రెండు వారాలు పట్టింది. అతను దొంగ కాడు, వేరే ఉద్యోగంలో చేరిపోయాడంతే. అందువల్ల డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వరు చోటు), అడ్మిన్ లాగిన్ యజమాని పేరు మీద, యజమాని మెయిల్‌తోనే ఉండాలి. బయటివారితో కోడ్ రాయించుకుంటే, హక్కులు బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద ఉండాలి. డబ్బిచ్చినంత మాత్రాన చాలా దేశాల కాపీరైట్ చట్టాల్లో ఆ హక్కు దానంతట అదే చేతులు మారదు.

టెంప్లేట్ వేదికల్లో తాళం వేరే రకం. విక్స్, స్క్వేర్‌స్పేస్ అలాంటి వేదికలే. విక్స్‌లో కట్టిన సైటు విక్స్ సర్వర్లలోనే ఉంటుంది, దాన్ని మూటగట్టి మరోచోటికి తీసుకుపోయే వీలు లేదని ఆ సంస్థే చెబుతుంది. స్క్వేర్‌స్పేస్ కొంత విషయాన్ని వర్డ్‌ప్రెస్‌కు పనికొచ్చే ఫైలుగా ఇస్తుంది, అన్నీ రావు. వర్డ్‌ప్రెస్‌ను సొంత హోస్టింగ్‌లో పెట్టుకుంటే ఈ బంధం ఉండదు, కానీ కాపలా మన నెత్తిన పడుతుంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి, దొంగల కన్ను కూడా దాని మీదే. అప్‌డేట్లు చేయక తప్పదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. థీమ్ ఫైళ్లలోనే నేరుగా మార్పులు చేయిస్తారు, తర్వాతి అప్‌డేట్‌తో అవి తుడిచిపెట్టుకుపోతాయి. ఆ మార్పులు చైల్డ్ థీమ్ అనే విడి ఫోల్డరులో ఉంటే ఈ బెడద లేదు. పని ఒప్పుకునేవారిని ఈ ఒక్క మాట అడిగితే, వారికి ఎంత తెలుసో కూడా తెలిసిపోతుంది.

మొదటి సైటు కట్టే నాటికి వచ్చేవారికి ఏం కావాలో యజమానికి నిజంగా తెలియదు, ఊహ మాత్రమే ఉంటుంది. ఆ ఊహను కస్టమ్‌గా కట్టించుకోవడం తొందరపాటు. ఏడాది పాటు మామూలు టెంప్లేట్ నడిపి, ఫోనులో, మెయిల్‌లో జనం అడిగిన ప్రశ్నలు ఒక పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. సైటులో జవాబు ఉండి కూడా అడిగారంటే, అది రాతలో లోపం. దాన్ని ఒక పూటలో సరిచేయవచ్చు. జవాబు చెప్పడానికి ప్రతిసారీ కాగితం తీసి లెక్క కట్టవలసి వచ్చిందంటే, అలాంటి ప్రశ్న పదే పదే వచ్చిందంటే, డిజైనరు దగ్గరకు తీసుకెళ్లవలసిన పేజీ అదే. పుస్తకం నిండినా అలాంటి ప్రశ్న ఒక్కటీ కనబడకపోతే, ఆ డబ్బుతో ఫోటోగ్రాఫర్‌ను పిలిపించవచ్చు.