గేటు దగ్గర్నుంచి గూడ్సు బండి గారికి

శ్రీ గూడ్సు బండి గారికి,

కావలికీ బిట్రగుంటకీ మధ్య ఒక గేటు దగ్గర బైకు ఆపేసి, తమరి తోక కనబడేదాకా ఊరకుండలేక ఇది రాస్తున్నా. పెట్టెలు లెక్కబెట్టడం మొదలుపెట్టా. 31 దగ్గర పక్క ఆటో ఆయన "ఏందబ్బయా, ఇది నిద్రపోతా నడస్తందా?" అనేసరికి లెక్క తప్పింది. ఈలోపు ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టి, కడ్డీ కింద సైకిలు పడుకోబెట్టి ఈడ్చుకుంటా పట్టాల అంచుదాకా పోయాడు. అక్కడ తమరుంటే ఇంక యాడికి పోతాడు? మళ్లీ ఈడ్చుకుంటా వెనక్కొచ్చాడు.

నా పర్సులో ఒక పాత టికెట్టుంది. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నామని దాని మీద అచ్చేసుంది. అన్నం పెట్టి, విస్తట్లోనే ధర రాసినట్టు! సరే, మిగతా 43 ఎవరిచ్చారయ్యా అంటే, తమరే. రైల్వే రాబడిలో మూడింట రెండొంతుల దాకా సరుకు రవాణాదేనంట. ఉమ్మడి కాపురంలో సంపాదించే పెద్దోడు తమరు. అయినా సోకులరాయుడు వందేభారత్ వస్తుంటే పక్కనుండే లూపు లైన్లోకి తప్పుకుని నిలబడాల్సింది కూడా తమరే. ఆ ఒక్క విషయంలో తమరి మీద జాలే.

కానీ జాలి ఎంతోసేపు నిలవలా. తమరు మోసే సరుకులో సగం దాకా బొగ్గు. బొగ్గు మీద తమరు గుంజిన కిరాయి థర్మల్ ప్లాంటు ఖర్చులో పడుతుంది. ప్లాంటు దాన్ని డిస్కం, అంటే మనకి కరెంటు పంచే కంపెనీ, నెత్తిన వేస్తుంది. డిస్కం నా నెత్తిన. అంటే టికెట్టు మీద మిగుల్చుకున్నానని మురిసిపోయిన 43నే నేను కరెంటు బిల్లులో కట్టాను. పుట్టి బుద్ధెరిగాక రైలెక్కని మా అమ్మ కూడా కడతా ఉంది, ఫ్యాను వేసుకున్న పాపానికి.

కిరాయి ఎక్కువైందని ఎవరితో చెప్పుకోవాల? రేటు పెట్టేదీ రైల్వేనే, బండి నడిపేదీ రైల్వేనే. పెళ్లికొడుకే పురోహితుడు! రేట్ల తగాదాలు చూసే ట్రిబ్యునల్ ఒకటి మద్రాసులో ఉండేది. 2017లో దాన్ని నష్టపరిహారాలు చూసే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో కలిపేశారు. అదే ఏడు ఏప్రిల్లో రైల్ డెవలప్‌మెంట్ అథారిటీకి కేంద్ర మంత్రివర్గం సరేనంది. రేట్ల మీద సలహా చెప్పడం దాని పని. ఆ బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలా.

అమెరికాలో మీవాళ్లకి 1980లో స్టాగర్స్ చట్టం తెచ్చి, రేట్లు చాలావరకు మీరే చూసుకోండని వదిలేశారు. అక్కడ పట్టాలు గూడ్సు కంపెనీలవే, ప్యాసింజరు బండే చుట్టం. మొత్తం మీద కిరాయిలు దిగాయి. ఒకే కంపెనీ లైనున్న ఊళ్ల వాళ్లు మాత్రం ఇప్పటికీ పిటిషన్లు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లకి తిరగడానికి రేట్ల తగాదాలు వినే ఒక బోర్డన్నా ఉంది.

ఇంకో మాట. గూడూరులో మా బావ నిమ్మకాయల వ్యాపారం. నలభై బస్తాలు తీసుకెళ్తే తమరు చూడను కూడా చూడరు. తమరికి రేకు, అంటే బండి మొత్తం, నిండాల. అందుకే నిమ్మకాయలు లారీలో, చీమకుర్తి గ్రానైట్ ట్రైలర్లో పోతున్నాయి. 1950-51లో దేశం సరుకులో నూటికి 80 పైన మోసినవారు ఇప్పుడు మూడో వంతుకి తంటాలు పడుతున్నారంటే, పడరా మరి? బొగ్గంటే మాత్రం ఎక్కళ్లేని ప్రేమ. కృష్ణపట్నం రేవు సరుకు చుట్టు తిరగకుండా కొండ తొలిచి, 6 కిలోమీటర్లు దాటిన సొరంగం వేసి, 2019లో వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకి లైను తెరిచారు. కొండకే దారి దొరికింది. నాకింకా ఈ గేటు దాటే దారి దొరకలా.

అదిగో, గార్డు డబ్బా. మరిచా, 2022 నుంచి ఆయన ట్రైన్ మేనేజరు కదా. పేరు మారింది, జీతం మాత్రం అదే. ఆయన పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని మా వైపు చూశాడు. ఆటో ఆయన దండం పెట్టాడు.

ఇట్లు,
43 శాతం బకాయి ఎప్పుడో తీర్చేసిన ప్రయాణికుడు

తా.క.: కడ్డీ సగం లేచి ఆగింది. మూడో లైన్లో ఇంకెవరో వస్తున్నారంట. తమరి తమ్ముడైతే ఈ ఉత్తరం ఆయనకే ఇచ్చి పంపుతా.