ఓడ దిగిన నావికుడికి సీమలో ఏం పని?

రాయలసీమ నుంచి విశాఖ విహారయాత్రకు వెళ్లే స్కూలు పిల్లలు బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడకుండా రారు. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసిన ఓడ అది. 2001లో సర్వీసు ముగిసింది, మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. రిటైరైన ఓడను ఏం చేయాలో మన ప్రభుత్వాలకు బాగానే తెలుసు. దాన్ని నడిపిన మనుషుల విషయంలోనే యాభై ఏళ్లుగా తడబాటు.

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సముద్రం లేదు. ఇక్కడి కుర్రాళ్లు నేవీకి వెళ్లేది అలల మీద మోజుతో కాదు, వాన మీద నమ్మకం లేక. సెలవుపై ఊరొస్తే ఆర్మీ అయినా నేవీ అయినా అందరికీ ‘మిలిటరీ ఆయన’ కిందే లెక్క.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. మర్నాటి రాత్రి మన క్షిపణి పడవలు కరాచీపై దాడి చేశాయి. ఆ రోజునే ఏటా నేవీ డే అని చేసుకుంటున్నాం. 9వ తేదీ రాత్రి డయ్యూ తీరానికి దూరంగా మన యుద్ధనౌక ఖుక్రీ మునిగితే 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడతోపాటే మునిగిన కెప్టెన్ ముల్లా పేరు చాలామందికి తెలుసు, తెలియాల్సిందే కూడా. ఆ 176 పేర్లలో ఒక్కటైనా మన పాఠాల్లో ఉందా?

బతికి ఒడ్డుకు చేరినవాళ్లకు రెండో చిక్కు కాగితాల్లో ఎదురైంది. అప్పట్లో నావికుడిగా చేరితే పదేళ్లు ఓడ మీద, తర్వాత పదేళ్లు ఫ్లీట్ రిజర్వ్‌లో, అంటే అవసరమైతే మళ్లీ పిలిచే జాబితాలో, అనే లెక్క ఉండేది. రెండూ పూర్తయితే రిజర్విస్టు పింఛను. 1976లో రిజర్వ్‌లోకి తీసుకోవడమే ఆపేశారు. మామూలు పింఛనుకేమో 15 ఏళ్ల సర్వీసు కావాలి. యుద్ధంలో పనిచేసి, పదేళ్లకే బయటికొచ్చినవాడు అటూ ఇటూ కాకుండా పోయాడు. ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2016లో తీర్పు వచ్చేసరికి ఆ తరంవాళ్లు డెబ్బైకి దగ్గరపడ్డారు. అంతకు ముందు ఏడాది వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే హోదా, ఒకే సర్వీసుకు ఒకే పింఛను) ప్రకటించినా, అది పింఛను ఉన్నవాళ్ల సంగతి.

15 ఏళ్లు పూర్తిచేసినవాళ్లకైనా ఇంటికొచ్చేనాటికి నలభై నిండవు. పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. ప్రభుత్వ బ్యాంకుల్లో గుమాస్తా ఉద్యోగాలకు మాజీ సైనికుల కోటా ఉంది, 14.5 శాతం. మంచిదే. కానీ సముద్రం మధ్యలో బాయిలర్ నడిపిన మనిషిని తెచ్చి బ్యాంకు కౌంటర్లోనో, గేటు దగ్గర తుపాకీతోనో కూర్చోబెట్టడం ఎవరికి లాభం? ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ కావాల్సింది అచ్చం ఇలాంటి పనివాళ్లే. ఇప్పుడు ఓడల్లో ఆవిరి తగ్గి డీజిల్, గ్యాస్ టర్బైన్లు వచ్చాయి, అవీ ఇక్కడ పనికిరాని విద్యలు కావు. ఫ్యాక్టరీవాళ్లు మాత్రం ఐటీఐ సర్టిఫికెట్ ఏదీ అంటారు. వాళ్లనీ తప్పుపట్టలేం, నేవీ ఇచ్చే కాగితం వాళ్లకు అర్థం కావాలి కదా.

పాత తరానిది పదేళ్ల గొడవ అయితే, అగ్నిపథ్ పథకం కింద చేరే అగ్నివీరులది నాలుగేళ్లే. నేవీలో వాళ్ల మొదటి బ్యాచ్ ఒడిశాలోని చిల్కాలో శిక్షణ ముగించుకుని 2023 మార్చిలో బయటికొచ్చింది. నాలుగేళ్లయ్యాక ఉంచుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్ల చేతికి సుమారు 11.71 లక్షలు వస్తాయి, పింఛను ఉండదు. సైన్యంలో వయసు తగ్గాలి, పింఛను భారం తగ్గాలి అనే వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ భారం తగ్గించుకున్న ప్రభుత్వం, నేర్పిన పనికైనా బయట విలువ కట్టించాలి. ఆ డబ్బుతో ఊళ్లో బోరు వేయించి నీళ్లు పడకపోతే, ఇరవై అయిదేళ్లకే ఆ కుర్రాడి కథ మళ్లీ మొదటికొస్తుంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. కుర్రాడు ఓడ మీద ఉండగానే అతని ట్రేడ్ ఏమిటో తెలుసుకుని, దాన్ని ఐటీఐతో సమానంగా రాయించి, ఇక్కడి ప్లాంట్లకు పంపే పని వాటికి అప్పగించవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు. మొదటి బ్యాచ్ ఇంటికి రాకముందే జరగాలి.